గిజిగాడి గూడు, బుల్బుల్ పాట: పక్షుల్లో జోడీ ఎలా కుదురుతుంది?

ఉర్దూ గజల్ వినే ఇంట్లో బుల్బుల్ పేరు తెలియని వాళ్లుండరు. గులాబీ మీద ప్రేమతో రాత్రంతా పాడే పక్షి అని కవులు వందల ఏళ్లుగా చెబుతూ వస్తున్నారు. రాత్రి పూట పాడటం మాత్రం కల్పన కాదు, నిజమే. అయితే ఆ పాట గులాబీ కోసం కాదు, జోడీ కోసం. ఆ పాటలో ఆడ పక్షి ఏం వింటుంది? ఒకడిని వదిలి ఇంకొకడిని ఎందుకు ఎంచుకుంటుంది? అసలు ఇలాంటి పాటలు, రంగులు, ఆటలు పక్షులకు ఎలా వచ్చాయి? ఈ ప్రశ్నలకు శాస్త్రవేత్తలు 150 ఏళ్లకు పైగా జవాబులు వెతుకుతున్నారు. దొరికిన జవాబుల్లో ఒక ముఖ్యమైనది మన ఊళ్లలో తాటిచెట్ల మీద వేలాడే గిజిగాడి గూళ్ల నుంచే వచ్చింది.

ముందుగా ఒక చిన్న తేడా తెలుసుకోవాలి. ఫారసీ కవులు బుల్బుల్ అన్నది నైటింగేల్ పక్షిని. అది యూరప్, ఇరాన్, మధ్య ఆసియా తోటల్లో గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుతుంది. మన పెరట్లో తిరిగే బుల్బుల్, అంటే తెలుగువాళ్లు పిగిలిపిట్ట అనేది, వేరే పక్షి. పేరు ఒకటే, కుటుంబాలు వేరు. రెండూ పాటగాళ్లే అనేది మాత్రం నిజం.

కాకి పాటగాడు, కోకిల కాదు!

ప్రపంచంలో పది వేలకు పైగా పక్షి జాతులు ఉన్నాయి. అందులో దాదాపు సగం జాతులను శాస్త్రంలో ‘పాట పక్షులు’ అంటారు. పిచ్చుక, గోరింక, పిగిలిపిట్ట, గిజిగాడు, మునియా అన్నీ ఈ గుంపులోనే వస్తాయి. ఆశ్చర్యం ఏంటంటే కాకి కూడా ఈ గుంపులోదే. వసంతంలో అందరూ మెచ్చుకునే కోకిల మాత్రం ఇందులో లేదు!

గొంతు తియ్యగా ఉండటం ఇక్కడ లెక్కలోకి రాదు. పాట పక్షులకు గాలిగొట్టం రెండు పాయలుగా చీలే చోట ప్రత్యేకమైన స్వరపేటిక ఉంటుంది. దానికి బోలెడన్ని చిన్న కండరాలు ఉంటాయి. రెండు పక్కలనూ విడివిడిగా కదిలించి ఒకేసారి రెండు స్వరాలు పలికించగల పక్షులు కూడా వీటిలో ఉన్నాయి. అంతకంటే ముఖ్యమైనది, ఈ పక్షులు పాటను పెద్దవాళ్ల దగ్గర విని నేర్చుకుంటాయి.

కోకిలను చూస్తే ఈ తేడా తేలిగ్గా అర్థమవుతుంది. కోకిల తన గుడ్డును కాకి గూటిలో పెడుతుంది. పిల్లను కాకి పెంచుతుంది. చుట్టూ రోజంతా కావు కావు అనే అరుపులే. అయినా పెరిగి పెద్దయ్యాక మగ కోకిల ‘కుహూ’ అనే కూస్తుంది. ఎవరూ నేర్పలేదు, అది పుట్టుకతో వచ్చింది. పాట పక్షి పిల్ల అలా కాదు. 1950లలో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో విలియం థోర్ప్ అనే శాస్త్రవేత్త చాఫించ్ పక్షి పిల్లలను పెద్దల పాట వినపడకుండా పెంచి చూశారు. అవి పెద్దయ్యాక ఏదో పాడాయి గానీ అది చాలా మొరటుగా, అసంపూర్ణంగా ఉంది.

మన పిల్లలు మాట నేర్చుకునే తీరుకు ఇది చాలా దగ్గరగా ఉంటుంది. పక్షి పిల్ల మొదట వింటుంది, గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ముద్దుముద్దుగా, అర్థం లేకుండా గొణుగుతుంది. తప్పులు దిద్దుకుంటూ చివరికి పెద్దల పాటకు చేరుకుంటుంది. చాలా జాతుల్లో ఇందుకు ఒక వయసు ఉంటుంది. ఆ వయసు దాటిపోతే మళ్లీ నేర్చుకోవడం చాలా కష్టం. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, చివర్లో దీంతో చాలా పని ఉంది.

రిష్తా కోసం గూడు కట్టే గిజిగాడు

గిజిగాడిని ఉర్దూలో బయా అంటారు. మామూలు రోజుల్లో చూస్తే ఆడ పిచ్చుకలా గోధుమ రంగులో ఉంటుంది. వానాకాలం దగ్గర పడగానే మగ పక్షి తల మీద పసుపు పచ్చ టోపీ పెట్టినట్టు రంగు వస్తుంది. ఆ తర్వాత అసలు పని మొదలవుతుంది. తాటి, ఈత, తుమ్మ చెట్ల కొమ్మలకు, తరచుగా బావి మీదికో చెరువు మీదికో వంగిన కొమ్మలకు గూడు అల్లడం మొదలుపెడుతుంది. పొడవాటి గడ్డి ఆకుల నుంచి, తాటాకుల నుంచి ముక్కుతో సన్నని పోగులు చీల్చి తెస్తుంది. ఒక గూడు పూర్తి కావడానికి దాదాపు 18 రోజులు పడుతుంది. ఆ ఒక్క గూటి కోసం 500 సార్ల వరకు పోగుల కోసం తిరుగుతుంది.

గూడు సగం అయ్యేసరికి తలకిందులుగా వేలాడే టోపీలా ఉంటుంది. అక్కడ మగ పక్షి ఆగుతుంది. ఇంకా పూర్తి చేయదు. ఆడ పక్షులు వచ్చినప్పుడు మగవన్నీ తమ తమ గూళ్లకు వేలాడుతూ, రెక్కలు కొట్టుకుంటూ, ఒక్కసారిగా గోల చేస్తాయి. ఆడ పక్షి ఒక్కో గూటిలోకి వెళ్లి చూస్తుంది. నచ్చకపోతే వెళ్లిపోతుంది. నచ్చితే అక్కడే ఉండిపోతుంది. అప్పుడు మగ పక్షి మిగిలిన సగం పూర్తి చేసి, కింద పొడవాటి గొట్టంలా దారి కడుతుంది.

రిష్తా చూసేటప్పుడు పెద్దవాళ్లు ఇల్లు, వాకిలి, పని, నడవడి ఆరా తీసినట్టే ఉంది కదా! ఆడ గిజిగాడు దేనికి ఎక్కువ మార్కులు వేస్తుందని మన దేశంలో పరిశోధకులు లెక్కలు కట్టి చూశారు. అల్లిక ఎంత అందంగా ఉందన్న దానికంటే గూడు ఎక్కడ ఉందన్నదానికే అది ఎక్కువ విలువ ఇస్తుందని తేలింది. ఇందులో వింతేం లేదు. పాములు, కాకులు గిజిగాడి గుడ్లకు పెద్ద శత్రువులు. మంచి చోటు దొరికితే పిల్లలు బతుకుతాయి.

ఈ పక్షి బతుకును మొదటిసారి దగ్గరుండి చూసి లోకానికి చెప్పినవారు డాక్టర్ సలీం అలీ. 1896 నవంబర్ 12న ముంబైలో సులేమానీ బోహ్రా కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే మామ అమీరుద్దీన్ తయ్యబ్జీ పెంచారు. కుర్రతనంలో ఎయిర్‌గన్‌తో కొట్టిన ఒక పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ చూసి, అది ఏం పక్షో తెలుసుకోవడానికి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ మెట్లెక్కారు. అక్కడి నుంచి ఆయన దారి మారిపోయింది. 1930లో చేతిలో ఉద్యోగం లేక, భార్య తహ్మినాతో కలిసి ముంబై దగ్గరలోని కిహిం అనే సముద్ర తీర గ్రామానికి వెళ్లారు. ఆ వానాకాలంలో అక్కడి గిజిగాళ్లను రోజూ గమనించారు.

అప్పుడు ఆయనకు ఒక కొత్త విషయం తెలిసింది. ఒక ఆడ పక్షి గూట్లో స్థిరపడి గుడ్లు పెట్టగానే మగ పక్షి పక్కనే ఇంకో గూడు మొదలుపెడుతుంది. దానికి ఇంకో ఆడ పక్షి వస్తే మూడోది మొదలుపెడుతుంది. అంటే ఒక సీజన్‌లో ఒకదాని తర్వాత ఒకటిగా జోడీలు కడుతుంది. గుడ్లు పొదగడం ఆడ పక్షి పని. కాబట్టి మగ పక్షి ఇచ్చే కట్నం లాంటిది ముఖ్యంగా గూడే. ఆడ పక్షి అంత పట్టుబట్టి గూడు చూడటానికి కారణం ఇదే.

ఆ తర్వాత సలీం అలీ 1930ల మొదట్లో నిజాం ప్రభుత్వ సాయంతో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. మన ప్రాంతపు పక్షుల గురించి పద్ధతిగా రాసిన తొలి లెక్కల్లో అది ఒకటి.

డార్విన్‌ను ఇబ్బంది పెట్టిన తోకలు

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. బతకడానికి పనికొచ్చే లక్షణాలే తరతరాలుగా నిలుస్తాయని చార్లెస్ డార్విన్ చెప్పారు. మరి పొడవాటి తోక, మెరిసే రంగు, గట్టి పాట బతకడానికి ఎలా పనికొస్తాయి? ఇవి గద్దకూ పిల్లికీ పక్షి ఎక్కడుందో చెప్పేస్తాయి కదా! 1871లో రాసిన పుస్తకంలో డార్విన్ దీనికి జవాబు చెప్పారు. బతికితే చాలదు, జోడీ కూడా దొరకాలి. ఆడ పక్షులు అందమైన మగవాటిని ఎంచుకుంటూ పోతే ఆ అందం తరతరానికీ పెరుగుతుంది అన్నారు.

ఆడ పక్షికి అంత ఎంపిక ఉంటుందా అని అప్పట్లో చాలామంది నమ్మలేదు. గట్టి రుజువు రావడానికి వందేళ్లకు పైగా పట్టింది. స్వీడన్ శాస్త్రవేత్త మాల్టే ఆండర్సన్ కెన్యా గడ్డి మైదానాల్లో విడోబర్డ్ అనే పక్షి మీద ఒక పరీక్ష చేసి 1982లో ప్రచురించారు. ఇది మన గిజిగాడి కుటుంబంలోదే. మగ పక్షి నల్లగా ఉంటుంది, తోక దాదాపు అర మీటరు పొడవు.

ఆండర్సన్ కొన్ని మగ పక్షుల తోకలు కత్తిరించి పొట్టిగా చేశారు. ఆ కత్తిరించిన ఈకలను ఇంకొన్నిటికి జిగురుతో అతికించి తోక ఇంకా పొడుగు చేశారు. కొన్నిటిని కత్తిరించి మళ్లీ అలాగే అతికించారు, కొన్నిటిని అసలు ముట్టుకోలేదు. కత్తిరించడం వల్లనే ఏమైనా తేడా వచ్చిందేమో తెలుసుకోవడానికి ఈ జాగ్రత్త. తర్వాత ఒక్కొక్కదాని జాగాలో ఎన్ని ఆడ పక్షులు కొత్తగా గూళ్లు కట్టాయో లెక్కపెట్టారు. తోక పొడుగు చేసినవి అందరికంటే ముందు నిలిచాయి. సహజంగా ఎప్పుడూ ఉండనంత పొడుగు తోకను కూడా ఆడ పక్షులు ఇష్టపడ్డాయన్నమాట. డార్విన్ మాట నిజమైంది.

ఎవరైనా అబద్ధం చెప్పొచ్చు కదా?

ఇక్కడ తెలివైన పాఠకులకు ఒక అనుమానం వస్తుంది. బలహీనమైన మగ పక్షి కూడా గట్టిగా పాడి, బాగా ముస్తాబై మోసం చేయొచ్చు కదా? అలా అందరూ మోసం చేస్తే ఆడ పక్షులు ఆ సంకేతాన్ని పట్టించుకోవడం మానేస్తాయి. సంకేతం నిలవాలంటే అందులో కొంతైనా నిజం ఉండాలి.

1975లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త అమోత్జ్ జహావీ దీనికి ఒక దారి చూపించారు. ఖర్చుతో కూడిన సంకేతాన్ని నటించడం కష్టం. ఉన్నవాడికి ఆ ఖర్చు భారం కాదు, లేనివాడు భరించలేడు. అందుకే ఖరీదైన సంకేతం నమ్మదగ్గది అని ఆయన వాదన. మొదట్లో చాలామంది దీన్ని ఒప్పుకోలేదు. ఇప్పటికీ వివరాల మీద చర్చ నడుస్తూనే ఉంది. అయితే ‘ఖర్చు లేని సంకేతానికి విలువ తక్కువ’ అనే ఆలోచన మాత్రం నిలబడింది.

మూడు ఉదాహరణలు చూడండి.

మొదటిది రంగు. అమెరికాలోని హౌస్ ఫించ్ అనే పక్షిలో మగదానికి తల, ఛాతీ ఎర్రగా ఉంటాయి. ఆ ఎరుపును ఒళ్లు సొంతంగా తయారు చేసుకోలేదు. క్యారెట్‌కు, టమాటాకు రంగునిచ్చే కెరోటినాయిడ్లనే పదార్థాలు తిండి ద్వారా అందాలి. మంచి తిండి వెతుక్కోలేని పక్షి ఎర్రగా కాక పాలిపోయిన పసుపులో ఉంటుంది. జెఫ్రీ హిల్ అనే శాస్త్రవేత్త 1990ల మొదట్లో చేసిన పరిశోధనల్లో ఆడ పక్షులు ఎర్రటి మగవాటినే ఎంచుకున్నాయి. ఆ ఎర్రటివే గూటికి ఎక్కువ మేత తెచ్చాయి.

రెండోది పాట. కవుల బుల్బుల్, అంటే నైటింగేల్, ఒక్కోటి దాదాపు 180 రకాల పాటలు పాడగలదు. రాత్రి పూట విడవకుండా పాడేది ఎక్కువగా జోడీ లేని మగ పక్షి. జోడీ కుదిరాక రాత్రి పాట దాదాపు ఆగిపోతుంది. జర్మనీ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో ఈ పాటలకూ తండ్రి చేసే సేవకూ సంబంధం చూశారు. పాటలను ఒక వరసలో, రకరకాలుగా పాడే మగవి తర్వాత పిల్లలకు ఎక్కువ సార్లు మేత తెచ్చాయి. అంటే ఆడ పక్షి వింటున్నది రాగం మాత్రమే కాదు, రేపు ఇల్లు ఎవరు నడుపుతారన్న కబురు కూడా.

మూడోది బాల్యం. పాట నేర్చుకునే మెదడు భాగాలు పెరిగేది పిల్ల పక్షి గూట్లో ఉన్నప్పుడు, గూడు వదిలిన కొద్ది వారాల్లో. సరిగ్గా అప్పుడే ఆకలి, జబ్బుల బెడద ఎక్కువ. మన గోరింకకు చుట్టమైన స్టార్లింగ్ పక్షుల మీద 2003లో ప్రచురించిన పరీక్షలో, చిన్నప్పుడు తిండి ఎప్పుడు దొరుకుతుందో తెలియకుండా పెరిగిన మగవి పెద్దయ్యాక తక్కువ సేపు, తక్కువ సార్లు పాడాయి. ఎదిగిన తర్వాత ఎంత తిన్నా బాల్యంలో పడిన గీత పాటలో వినిపిస్తూనే ఉంటుంది. చిన్నప్పటి పోషణ ఎంత ముఖ్యమో పక్షులు కూడా చెబుతున్నాయి.

ఇష్టమే ఇష్టాన్ని పెంచితే?

ప్రతి సంకేతం వెనకా ఇలాంటి లెక్క ఉండాలని లేదు. ఇంగ్లండ్ శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ 1915లోనూ, 1930లోనూ ఇంకో దారి చెప్పారు. ఏదో కారణంగా కొన్ని ఆడ పక్షులకు కొంచెం పొడుగు తోక నచ్చిందనుకోండి. వాటి కొడుకులకు పొడుగు తోక వస్తుంది, కూతుళ్లకు పొడుగు తోక మీద ఇష్టం వస్తుంది. ఇలా తోక, ఇష్టం ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరిగిపోతాయి. ఆ తోక ఇక ఎగరడానికే అడ్డం అయ్యేవరకు ఈ పరుగు ఆగకపోవచ్చు. నిజానికి చాలా జాతుల్లో ఈ కారణాలన్నీ కలిసే పని చేస్తాయని నేటి శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు.

పంజరంలో మారిపోయిన పాట

ఇలాంటి మార్పులకు లక్షల ఏళ్లు పట్టాలని అనుకుంటాం. అలా ఉండాల్సిన పని లేదని ఒక చిన్న మునియా కథ చెబుతుంది. నడుము దగ్గర తెల్లగా ఉండే ఒక మునియా మన దేశంలోనూ, తూర్పు ఆసియాలోనూ ఉంటుంది. సుమారు 250 ఏళ్ల క్రితం దీన్ని చైనా నుంచి జపాన్ తీసుకెళ్లారు. అక్కడి పెంపకందార్లు తెల్లటి ఈకల కోసం, పిల్లల్ని బాగా సాకే గుణం కోసం ఏరి ఏరి పెంచారు. ఇవాళ ప్రపంచమంతా పంజరాల్లో కనిపించే బెంగాలీ ఫించ్ ఇదే. పేరులో బెంగాల్ ఉన్నా తయారైంది జపాన్‌లో.

పాట కోసం దీన్ని ఎవరూ ఏరలేదు. అయినా జపాన్ శాస్త్రవేత్త కజువో ఒకనోయా బృందం పోల్చి చూస్తే, అడవి మునియా పాట సాదాగా ఒకే వరసలో ఉంది, పంజరపు ఫించ్ పాట మలుపులు తిరుగుతూ ఎంతో క్లిష్టంగా ఉంది. కారణం ఏమై ఉంటుంది? అడవిలో పాట ఎక్కువ మెలికలు తిరిగితే ప్రమాదం. శత్రువు మీద నిఘా తగ్గుతుంది. పక్క జాతి పక్షుల మధ్య తన వాళ్లు తనను గుర్తుపట్టాలి కూడా. పంజరంలో ఆ రెండు భయాలూ లేవు. పగ్గం వదిలిన పాట స్వేచ్ఛగా మారిందని ఒకనోయా వివరణ. పైగా క్లిష్టమైన పాట విన్న ఆడ ఫించ్‌లు గూటికి ఎక్కువ పుల్లలు మోశాయి. వాటి ఇష్టం కూడా పాటను ముందుకు నెట్టి ఉండొచ్చు.

ఆడ పక్షులు పాడవా?

పాడతాయి. పాట మగవాడి సొత్తు అనే మాట పుస్తకాల్లో చాలాకాలం నడిచింది. తొలి పరిశోధనలు ఎక్కువగా యూరప్, ఉత్తర అమెరికాల్లో జరగడం దీనికి ఒక కారణం. అక్కడి చాలా జాతుల్లో మగదే ఎక్కువ పాడుతుంది. ప్రపంచం మొత్తం లెక్క తీస్తే బొమ్మ మారిపోయింది. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో, వివరాలు దొరికిన పాట పక్షి జాతుల్లో 71 శాతంలో ఆడవి కూడా పాడతాయని తేలింది. పాట పక్షులు మొదట పుట్టింది ఆస్ట్రేలియా ప్రాంతంలో అని జన్యు పరీక్షలు చెబుతున్నాయి. ఆ తొలి పక్షుల్లో ఆడ, మగ రెండూ పాడేవని అదే అధ్యయనం లెక్కగట్టింది. కాబట్టి ‘మగ పక్షి పాట ఎలా వచ్చింది’ అని మాత్రమే అడిగితే చాలదు. కొన్ని జాతుల్లో ఆడ పక్షి పాట ఎందుకు ఆగిపోయిందని కూడా అడగాలి. పాట జోడీ కోసమే కాదు, జాగా కాపాడుకోవడానికి, జంట ఒకరికొకరు కబురు పంపుకోవడానికి కూడా పనికొస్తుంది.

హారన్ల మధ్య పాట

మన నగరాల్లో ఇంటి బయట ఫోన్ మాట్లాడాలంటేనే గొంతు పెంచాలి. పక్షులదీ అదే కష్టం. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో గ్రేట్ టిట్ అనే పక్షులను పరిశీలించిన శాస్త్రవేత్తలు 2003లో ఒక సంగతి చెప్పారు. ట్రాఫిక్ హోరు ఎక్కువున్న వీధుల్లోని పక్షులు సన్నని, ఎత్తు స్వరంలో పాడుతున్నాయి. వాహనాల శబ్దం బరువు స్వరంలో ఉంటుంది కాబట్టి దాని కింద నలిగిపోకుండా ఇలా తప్పించుకుంటున్నాయి. బెర్లిన్ నగరంలో నైటింగేల్‌లు హోరు ఎక్కువున్న చోట ఇంకా గట్టిగా పాడుతున్నాయని, సెలవు రోజు ఉదయం కంటే పని రోజు ఉదయం గొంతు పెంచుతున్నాయని కూడా తేలింది.

2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చింది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో వాహనాలు తగ్గి, శబ్దం 1950ల నాటి స్థాయికి పడిపోయింది. అక్కడి తెల్లతల పిచ్చుకలు గొంతు తగ్గించి పాడాయి. అయినా వాటి పాట ముందుకంటే రెండింతల దూరం వినిపించింది. స్వరాల్లో తేడాలు, మెలికలు మళ్లీ వచ్చాయి. అంటే మన రణగొణ ధ్వని పక్షుల ‘రిష్తా మాటల’ను ఇన్నాళ్లూ ఎంత కుదించిందో ఆ కొద్ది వారాల్లో బయటపడింది.

పాట మరిచిపోయిన పక్షి

ఇక ముందు గుర్తుపెట్టుకోమన్న విషయం దగ్గరికి వద్దాం. పాట పక్షి పాటను పెద్దల దగ్గరే నేర్చుకోవాలి. మరి పెద్దలే కరువైతే?

ఆస్ట్రేలియాలో రీజెంట్ హనీఈటర్ అనే అందమైన పక్షి ఉంది. ఒకప్పుడు పెద్ద గుంపులుగా తిరిగేది. అడవులు నరికి పొలాలు చేయడంతో ఇప్పుడు అడవిలో కొన్ని వందలే మిగిలాయి. 2021లో ప్రచురించిన అధ్యయనంలో పరిశోధకులు వీటి పాటలు విన్నారు. 27 శాతం మగ పక్షులు తమ ప్రాంతపు పాటకు భిన్నంగా పాడుతున్నాయి. 12 శాతం అయితే తమ జాతి పాట అసలు పాడటం లేదు, చుట్టుపక్కల వేరే జాతి పక్షుల అరుపులను అనుకరిస్తున్నాయి. నేర్పడానికి దగ్గర్లో పెద్ద మగ పక్షి లేదు కాబట్టి వినిపించినదాన్నే నేర్చుకున్నాయి.

దీని ఫలితం బాధ కలిగిస్తుంది. వింత పాట పాడే మగ పక్షులకు జోడీ దొరకడం తగ్గింది. ఒళ్లు బాగుంది, రంగు బాగుంది, ప్రాణం ఉంది. కానీ ఆడ పక్షి గుర్తుపట్టే మాట ఒక్కటి లేదు. జనం తగ్గితే పాట పోతుంది, పాట పోతే జనం ఇంకా తగ్గుతుంది. సిడ్నీలోని తరోంగా జూలో పెంచి అడవిలో వదిలే పిల్లలకు రికార్డుల ద్వారా, అడవి నుంచి తెచ్చిన పెద్ద మగ పక్షుల ద్వారా అసలు పాట నేర్పే ప్రయత్నం జరుగుతోంది. ఒక భాష మాట్లాడే పెద్దలు తగ్గిపోతే ఇంట్లో పిల్లల నోట ఆ భాష ఎలా జారిపోతుందో రెండు మూడు భాషల మధ్య పెరిగే కుటుంబాలకు వేరే చెప్పాల్సిన పని లేదు.

మన చేతిలో ఏముంది?

గిజిగాడికీ, మునియాకూ ఇప్పుడే అంత ముప్పు వచ్చిందని కాదు. రెండూ మన పల్లెల్లో ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. అలా కనిపిస్తూ ఉండాలంటే కుటుంబాలు చేయగలిగిన చిన్న పనులు కొన్ని ఉన్నాయి.

పక్షుల బజారుకు పిల్లలతో వెళ్లినప్పుడు ఏది కొంటున్నామో తెలుసుకోవాలి. అడవిలో పట్టిన దేశీ పక్షులను, అంటే మునియాలను, బుల్బుల్‌లను, గోరింకలను, రామచిలుకలను అమ్మడం, కొనడం, పంజరంలో ఉంచడం నేరం. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద 1990ల మొదటి నుంచి వీటి వ్యాపారం పూర్తిగా నిషేధం. ఎర్ర మునియాకు, పచ్చ మునియాకు ఆ మెరిసే రంగే శాపమైంది. జోడీ కోసం వచ్చిన రంగును చూసి వేటగాడు వల వేస్తాడు. చూడచక్కని మగ పక్షులను పట్టుకుపోతే, ఆ ఏడు ఎన్నో గూళ్లు ఖాళీ. పాట నేర్పే పెద్దలూ తగ్గిపోతారు.

రెండోది గూళ్ల సంగతి. గిజిగాడి గూడు అందంగా ఉందని ఇంట్లో వేలాడదీయడానికి తెస్తుంటారు. వానాకాలంలో అందులో గుడ్లో పిల్లలో ఉండొచ్చు. సగం కట్టినట్టు కనిపించే గూడు వదిలేసింది అనుకోవద్దు. అక్కడ మగ పక్షి ఇంకా జోడీ కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు. పొలం గట్టు మీద తాటిచెట్టు, బావి దగ్గర తుమ్మచెట్టు నరకాల్సి వస్తే ఆ సీజన్ అయ్యేదాకా ఆగితే చాలు.

మూడోది వినడం. వేసవి సెలవుల చివర్లోనో, తొలి వానల తర్వాతనో ఊరికి వెళ్లినప్పుడు పిల్లలను ఉదయం పూట ఒక గిజిగాడి చెట్టు దగ్గరికి తీసుకెళ్లండి. దూరంగా నిలబడి అరగంట చూస్తే చాలు. ఏ మగ పక్షి గూడు సగంలో ఆపింది, ఆడ పక్షి ఎన్ని గూళ్లు చూసింది, ఏది వదిలేసింది, ఏది ఎంచుకుంది, అన్నీ కళ్లెదురుగానే జరుగుతాయి. 1930లో కిహిం గ్రామంలో సలీం అలీ చూసింది కూడా అదే. దానికి టికెట్ అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.